ముందు తెర, ఆ తరవాతే ప్లైవుడ్

ఇంట్లోనే పాతకాలపు ఆర్కేడ్ క్యాబినెట్ కట్టుకుంటున్న పాఠకుల ప్రశ్నలకు ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాం. ఉత్తరాల్లో ప్లైవుడ్ కొలతలు ముందుంటున్నాయి, మానిటర్ మాట చివర్లో వస్తోంది. ఆ వరస తిరగేయాలి. ఏ ఆటలు ఆడతారో తేల్చుకోండి. దానికి తగిన తెర ఇంటికి తెచ్చుకోండి. టేపు పెట్టి కొలిచాకే వడ్రంగిని పిలవండి. తెర కొనకముందే చెక్క కోయించినవాళ్లకు చివరికి ఆ కంతలో పట్టే తెర ఏదో వెతుక్కోవడమే మిగులుతుంది.

ప్రశ్న: ఇంట్లో పాత 19 అంగుళాల చదరపు మానిటర్ ఒకటి, 24 అంగుళాల వైడ్ మానిటర్ ఒకటి ఉన్నాయి. ప్యాక్‌మ్యాన్, స్ట్రీట్ ఫైటర్ 2, బబుల్ బాబుల్ ఆడాలని ఉంది. ఇద్దరు పక్కపక్కన నిలబడి ఆడే క్యాబినెట్ కడుతున్నాను. రెంటిలో ఏది పెట్టమంటారు?
— ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: 24 అంగుళాలది పెట్టండి. మానిటర్ పెట్టె మీద రాసే అంగుళాలు తెర మొత్తానివి. మీ ఆటలు 4:3 నిష్పత్తి ఉన్న తెర కోసం తయారైనవి కాబట్టి, ఆ బొమ్మ ఎంత వస్తుందో విడిగా లెక్క కట్టుకోవాలి. 24 అంగుళాల వైడ్ తెర సుమారు 531 మి.మీ. వెడల్పు, 299 మి.మీ. ఎత్తు. అందులో 4:3 బొమ్మ 398 × 299 మి.మీ. వస్తుంది. మూల నుంచి మూలకు 19.6 అంగుళాలు. రెండు పక్కలా 66 మి.మీ. చొప్పున నల్ల పట్టీలు మిగులుతాయి. మీ చదరపు మానిటర్ నిజానికి 4:3 కాదు. 1280×1024 అంటే 5:4. దాని తెర 376 × 301 మి.మీ. కాబట్టి 4:3 బొమ్మ 18.5 అంగుళాలే వస్తుంది, పైనా కిందా సన్నటి పట్టీలు ఉంటాయి. అంగుళం పైచిలుకు లాభం వైడ్ దానిదే.

ఇద్దరాటకు క్యాబినెట్ ఎలాగూ వెడల్పుగా ఉండాలి. ఒక్కో జాయ్‌స్టిక్, ఆరు బటన్లకు కనీసం 30 సెం.మీ. చోటు కావాలి. బయటి వెడల్పు 60 సెం.మీ. పెట్టి 19 మి.మీ. ప్లైవుడ్ వాడితే లోపల 562 మి.మీ. మిగులుతుంది. 24 అంగుళాల మానిటర్ ఒళ్లు సాధారణంగా 540 మి.మీ. అటూ ఇటూ ఉంటుంది, హాయిగా దిగుతుంది. 27 అంగుళాలది 610 మి.మీ. దాటుతుంది. దానికి బయటి వెడల్పు 66 సెం.మీ. దాకా పెంచాలి. 19 అంగుళాల చదరపు మానిటర్‌ని ఒకరు ఆడే సన్న క్యాబినెట్‌కో, బల్ల మీద పెట్టే చిన్న పెట్టెకో దాచుకోండి. ఆ పనికి అది చక్కగా సరిపోతుంది. దానిలో 4:3 బొమ్మ సరిగ్గా 1280×960 వస్తుంది. అది పాత ఆర్కేడ్ ట్యూబు తెర గీసే 240 గీతలకు కచ్చితంగా నాలుగింతలు, కాబట్టి పిక్సెళ్లు ఎక్కడా వంకర పోవు.

మీ జాబితాలో ఇబ్బంది పెట్టేది ప్యాక్‌మ్యాన్. 1980లో నామ్కో దాన్ని నిలువు తెరకు చేసింది, 224×288 పిక్సెళ్లు. అడ్డంగా ఉన్న 24 అంగుళాల తెరలో నిలువు ఆట 14.7 అంగుళాలకు కుంచించుకుపోతుంది. అసలు మెషీన్‌లో ఉన్నది 19 అంగుళాల ట్యూబు. మూడు ఆటల్లో రెండు అడ్డం ఆటలే కాబట్టి మీరు ఈ చిన్న బొమ్మతో సర్దుకోవచ్చు.

సెట్టింగుల్లో ఒకటి తప్పకుండా చూడండి. స్ట్రీట్ ఫైటర్ 2 లోపల 384×224 పిక్సెళ్లతో గీసి ఉంటుంది. ఎమ్యులేటర్‌లో, అంటే పాత మెషీన్ ఆటలను కంప్యూటర్ మీద నడిపే ప్రోగ్రామ్‌లో, పిక్సెళ్లను చదరంగా చూపించే ఎంపిక ఉంటే బొమ్మ అడ్డంగా సాగి మనుషులు లావుగా కనిపిస్తారు. నిష్పత్తిని 4:3 అని బిగించండి. వైడ్ తెర నిండేలా సాగదీయడం మాత్రం వద్దు, దానివల్ల ఆట అందమంతా పోతుంది.

ప్రశ్న: నాకు గలాగా, డాంకీ కాంగ్, 1942 లాంటి నిలువు ఆటలే ఇష్టం. మానిటర్‌ని పక్కకు తిప్పి నిలబెట్టేయవచ్చా? దగ్గర్లో ఒక 22 అంగుళాల టీఎన్ ప్యానెల్ మానిటర్ చవగ్గా వస్తోంది.
— ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: తిప్పడం సరైన ఆలోచనే. ఆ మానిటర్ మాత్రం కొనకండి. టీఎన్ ప్యానెల్‌ని ఎదురుగా చూస్తే బాగానే ఉంటుంది, కింద నుంచి చూస్తే రంగులు నల్లబడి తిరగబడతాయి. మానిటర్‌ని 90 డిగ్రీలు తిప్పితే ఆ లోపం ఎడమకో కుడికో చేరుతుంది. అప్పుడు మీ రెండు కళ్లకూ రెండు రకాల వెలుగు అందుతుంది. నల్లటి ఆకాశం మీద గలాగా చుక్కలు మిణుకుమనే చోట అది కళ్లను లాగేస్తుంది. పక్కన నిలబడి చూసేవాళ్లకు సగం తెర కనిపించదు. నిలువు క్యాబినెట్‌కు, పక్క నుంచి చూసినా రంగు మారని ఐపీఎస్ రకం ప్యానెలే తీసుకోండి. వీఏ అనే ఇంకో రకం ప్యానెల్‌లో నలుపు గాఢంగా ఉంటుంది గానీ, చీకటి నేపథ్యం మీద కదిలే బొమ్మల వెనక మసక తోక కనిపిస్తుంది. అంతరిక్షం ఆటలన్నీ చీకటి నేపథ్యాలవే.

కొట్లోనే పరీక్ష చేసుకోవచ్చు. ముదురు బూడిద రంగు బొమ్మ ఒకటి నిండు తెరలో పెట్టి, మానిటర్‌ని నిలువుగా పట్టుకోమని చెప్పి, అడుగు ఎడమకు, అడుగు కుడికి జరిగి చూడండి. బూడిద రంగు మారకపోతే తీసుకోవచ్చు.

24 అంగుళాల 1080 గీతల మానిటర్‌ని నిలబెడితే 3:4 బొమ్మ 1080×1440 పిక్సెళ్లు వస్తుంది. గలాగా, ప్యాక్‌మ్యాన్‌ల ఎత్తు 288 గీతలు. 288ని 5తో గుణిస్తే సరిగ్గా 1440. మేమ్ ఎమ్యులేటర్‌లో ఆటోరోర్, ఆటోరోల్ అనే రెండు ఎంపికలున్నాయి. మానిటర్‌ని ఏ వైపు తిప్పారో దాన్ని బట్టి ఒకటి ఆన్ చేస్తే, నిలువు ఆటలను మాత్రమే తిప్పి చూపిస్తుంది. తిప్పేముందు మానిటర్ వెనక గాలి కంతలు ఎటు వస్తున్నాయో, కేబుల్ పిన్నులు క్యాబినెట్ గోడకు తగులుతాయో లేదో చూసుకోండి. చాలా మానిటర్లలో హెచ్‌డీఎంఐ సాకెట్ కిందికి చూస్తుంది. తిప్పాక అది పక్క గోడవైపు వస్తుంది, అక్కడ ప్లగ్గు వంగడానికి కనీసం 5 సెం.మీ. చోటు వదలాలి.

ప్రశ్న: అటక మీద 21 అంగుళాల డబ్బా టీవీ ఉంది, పని చేస్తోంది. అసలు ఆర్కేడ్ లాగా కనిపించాలంటే అదే మేలని అందరూ అంటున్నారు. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డును దానికి ఎలా కలపాలి? టీవీ బాడీ విప్పి ట్యూబు ఒక్కటీ బిగించవచ్చా?
— ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: చివరి ప్రశ్నకు ముందు జవాబు. విప్పకండి. కలర్ పిక్చర్ ట్యూబు మీద సుమారు 25,000 వోల్టుల దాకా ఉంటుంది, ప్లగ్గు పీకేసిన తరవాత కూడా ఆ చార్జి ట్యూబులో నిలిచి ఉంటుంది. వెనక సన్నటి గాజు మెడకు చిన్న దెబ్బ తగిలినా ట్యూబు పోయినట్టే. బాడీ తీయక తప్పదనుకుంటే ట్యూబు టీవీల మీద చేయి తిరిగిన మెకానిక్ చేత చార్జి తీయించి, ఆయన చేతే బిగించండి. మా సలహా అయితే టీవీని బాడీతో సహా గట్టి అర మీద కూర్చోబెట్టి, ముందు నల్ల అట్టతో చట్రం కట్టేయడమే.

డబ్బా టీవీ మేలన్న మాట నిజమే. 1980, 90ల ఆర్కేడ్ ఆటలు చాలామటుకు సెకనుకు సుమారు 15,700 అడ్డగీతలు గీసే ట్యూబుల కోసం తయారయ్యాయి. ఇంటి టీవీ ట్యూబు వేగం కూడా అదే. ఒక్కో ఫ్రేమ్‌లో 240 గీతలు, గీతకూ గీతకూ మధ్య సన్నటి నల్ల సందు. ఆ సందులే పిక్సెళ్ల అంచులను మెత్తబరుస్తాయి. కదిలే బొమ్మ మసకబారదు, బటన్ నొక్కాక తెర వైపు నుంచి ఆలస్యం ఉండదు.

కలపడానికి పై 3బీ లేదా 3బీ ప్లస్ వాడండి. వాటి 3.5 మి.మీ. సాకెట్‌లోనే ఏవీ సిగ్నల్ వస్తుంది. పై 4లో దాన్ని కాన్ఫిగ్ (సెట్టింగుల) ఫైల్లో విడిగా ఆన్ చేయాలి. పై 5లో ఆ సాకెట్టే లేదు. కేబుల్ దగ్గర చాలామంది బోల్తా పడతారు. రాస్ప్‌బెర్రీ పై కోరే వరస ఇది: పిన్ను కొన ఎడమ ఆడియో, తరవాతి రింగు కుడి ఆడియో, దాని తరవాతది గ్రౌండ్, మొదలు దగ్గరి లోహం వీడియో. పాత క్యామ్‌కార్డర్ కేబుళ్లలో ఈ వరస మారిపోయి ఉంటుంది. అలాంటిది పెడితే బొమ్మ రాదు, లేదా స్పీకర్లో గుయ్యిమని మోత వస్తుంది. మల్టీమీటర్‌ని బీప్ మీద పెట్టి, పిన్ను మొదలుకూ పసుపు ప్లగ్గు నడిమి పుల్లకూ తాకించండి. బీప్ రావాలి. పసుపుకు బదులు ఎరుపులోనో తెలుపులోనో బీప్ వచ్చి, మూడు ప్లగ్గుల బయటి లోహమూ గ్రౌండ్ రింగుకు కలిసి ఉంటే, ఆ ప్లగ్గునే టీవీ పసుపు సాకెట్‌లో పెట్టండి, పని అయిపోతుంది. గ్రౌండే వేరే చోట ఉంటే ఆ కేబుల్ పనికిరాదు.

ఇక కాన్ఫిగ్ ఫైల్. అందులో ఎస్‌డీటీవీ మోడ్ అనే చోట విలువ 16 పెడితే 60 హెర్ట్జ్ ఎన్‌టీఎస్‌సీ (అమెరికా టీవీ పద్ధతి), ఒక్కో ఫ్రేమ్‌కు 240 గీతలు వస్తాయి. 0 పెడితే అదే ఎన్‌టీఎస్‌సీ గానీ సరి, బేసి గీతలు వంతులవారీగా వచ్చి బొమ్మ వణుకుతుంది. ఈ సెట్టింగు పాత వీడియో డ్రైవర్‌తో నడిచే రెట్రోపై లాంటి ఏర్పాట్లలో పనిచేస్తుంది. మన టీవీలు పాల్ పద్ధతివి. బొమ్మ నలుపు తెలుపులో వస్తే టీవీ మెనూలో కలర్ సిస్టమ్‌ని ఆటో, లేదా ఎన్‌టీఎస్‌సీ 3.58 చేయండి. ఆ ఎంపికే లేని పాత టీవీ అయితే విలువ 18 పెట్టి పాల్‌లో నడపవచ్చు. కానీ అది 50 హెర్ట్జ్. 60 హెర్ట్జ్ ఆట ఆరో వంతు నెమ్మదిస్తుంది, లేదా కుదుపులతో నడుస్తుంది. దానితో రాజీ పడమని చెప్పలేం, వేరే టీవీ చూసుకోండి. హెచ్‌డీఎంఐని ఏవీగా మార్చే చవక డబ్బాలు కూడా వద్దు. అవి 240 గీతల బొమ్మ ఇవ్వవు, వణికే బొమ్మ ఇస్తాయి, పైగా ఆలస్యం కలుపుతాయి.

టీవీకి కాంపోనెంట్ సాకెట్లు, అంటే ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ ఉంటే అది మరీ మంచి టీవీ. అయితే రాస్ప్‌బెర్రీ పై నుంచి నేరుగా ఆ సిగ్నల్ రాదు, అదనపు బోర్డు కావాలి. మొదట పసుపు ప్లగ్గుతో నడిపించి చూడండి.

బరువు సంగతి మరవకండి. 21 అంగుళాల టీవీ ఇరవై కిలోలకు తగ్గదు, లోతు అర మీటరు దగ్గర ఉంటుంది, వెనక గాలికి ఇంకో 8 సెం.మీ. వదలాలి. అంత బరువు నడుం ఎత్తున ఉంటుంది కాబట్టి క్యాబినెట్ ముందుకు తూలకుండా అడుగు భాగం లోతుగా చేయించండి. మామూలు స్పీకర్లను ట్యూబుకు కనీసం 30 సెం.మీ. దూరంలో పెట్టండి. అయస్కాంతం దగ్గరైతే తెర మూలల్లో ఊదా, ఆకుపచ్చ మచ్చలు పడతాయి. మచ్చ పడితే స్పీకర్ జరిపి, టీవీని మెయిన్ స్విచ్ దగ్గర అరగంట ఆపి మళ్లీ వేయండి. ట్యూబు చుట్టూ ఉండే కాయిల్ ఆన్ అయిన క్షణంలోనే మచ్చను చెరుపుతుంది, దానికి కరెంటు అందించే భాగం చల్లబడి ఉంటేనే పూర్తిగా పనిచేస్తుంది.

ప్రశ్న: కంప్యూటర్‌కు వాడిన 17 అంగుళాల ట్యూబు మానిటర్ ఉంది. అదీ డబ్బా టీవీ లాగే పనికొస్తుందా?
— ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: పనికొస్తుంది, కానీ దాని లెక్క వేరు. వీజీఏ ట్యూబు సెకనుకు కనీసం 31,000 గీతల వేగంతో నడుస్తుంది, ఆర్కేడ్ బోర్డు ఇచ్చే 15,700ని అందుకోలేదు. పీసీ నుంచి 640×480లో ఇస్తే ఆడుకోవచ్చు. గీతల మధ్య సందులు కావాలంటే 240 గీతలను 120 హెర్ట్జ్‌లో పంపండి. అప్పుడు వేగం 31,000కు సరిపోతుంది. ఒక్కో ఫ్రేమ్ రెండుసార్లు పడి కదలిక జంటగా కనిపిస్తుంది కాబట్టి, రెట్రోఆర్క్ ఎమ్యులేటర్‌లో నల్ల ఫ్రేమ్ చొప్పించే ఎంపిక ఆన్ చేయండి. వెలుగు సగమవుతుంది, బ్రైట్‌నెస్ పెంచుకోవాలి.

ప్రశ్న: సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సెకండ్‌హ్యాండ్ 4:3 ఎల్‌సీడీ కొనాలనుకుంటున్నాను. ఏం చూసి కొనాలి?
— ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: నిజమైన 4:3 కావాలంటే 20 అంగుళాల 1600×1200 మానిటర్ అడగండి. ఆఫీసుల నుంచి తీసేసిన సరుకులో అప్పుడప్పుడూ కనిపిస్తుంది. 1200 అంటే 240కి సరిగ్గా అయిదింతలు. తెర సుమారు 408 × 306 మి.మీ. ఒక్క పట్టీ లేకుండా నిండుతుంది. ఆర్కేడ్ క్యాబినెట్‌కు ఎల్‌సీడీల్లో ఇంతకన్నా అతికే కొలత లేదు.

ల్యాప్‌టాప్, మీరు వాడబోయే కేబుల్ రెండూ వెంట తీసుకెళ్లండి. కొట్టువాళ్లు అప్పటికే వెలిగించి పెట్టిన మానిటర్‌ని ఆపించి, చల్లారాక మళ్లీ వేయించండి. ఆ కాలపు మానిటర్లలో తెర వెనక సన్నటి ట్యూబులైట్ల లాంటి దీపాలుంటాయి. అవి పాతబడితే మొదటి నిమిషాల్లో తెర ఎర్రగా, మసగ్గా ఉండి నెమ్మదిగా తెలుపెక్కుతుంది. కాస్త ఎరుపు ఉంటే ఫర్వాలేదు, పది నిమిషాలైనా తెల్లబడకపోతే వదిలేయండి. వెలిగి రెండు సెకన్లలో నల్లబడితే సెల్‌ఫోన్ టార్చి తెరకు ఆనించి ఏటవాలుగా చూడండి. లోపల బొమ్మ లీలగా కదులుతుంటే ప్యానెల్ బాగుందని, దీపమో దానికి కరెంటిచ్చే బోర్డో పోయిందని అర్థం. ఉబ్బిన కెపాసిటర్లే కారణమైతే మెకానిక్ సులువుగా మార్చేస్తాడు. దీపమే పోతే బాగు చేయించే ఖర్చు ఇంకో మానిటర్ ధరకు చేరుతుంది.

నిండు తెలుపు, నిండు నలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కొక్కటే పెట్టి చచ్చిన పిక్సెళ్లు వెతకండి. మధ్యలో ఒక్కటున్నా వద్దు, అంచున ఒకటుంటే ధర తగ్గించమని అడగండి. వెనక స్టాండు తీయించి నాలుగు స్క్రూ కంతలున్నాయో లేదో చూడండి. లేకపోతే క్యాబినెట్‌లో బిగించడం తలనొప్పి. డీవీఐ సాకెట్ ఉంటే హెచ్‌డీఎంఐ నుంచి మామూలు కేబుల్ చాలు. అయితే పాత డీవీఐ మానిటర్‌కు సౌండ్ రాదు, స్పీకర్లు విడిగా చూసుకోవాలి. వీజీఏ ఒక్కటే ఉంటే కరెంటు తీసుకుని సిగ్నల్ మార్చే కన్వర్టర్ కావాలి, ఉత్త కేబుల్ పనిచేయదు.

చివరి పరీక్షను ఎవరూ చేయరు, క్యాబినెట్‌కు అన్నిటికన్నా ముఖ్యమైనది అదే. మానిటర్ వెలుగుతుండగా ప్లగ్గు పీకి, అర నిమిషం ఆగి పెట్టండి. తనంత తాను వెలగాలి. కొన్ని వెలగవు, బటన్ నొక్కాలి. మానిటర్‌ని లోపల బిగించి ముందు అద్దం వేశాక ఆ బటన్ చేతికి అందదు. ఒక్క స్విచ్ వేస్తే క్యాబినెట్ అంతా లేవాలన్నా, కరెంటు పోయి వచ్చాక దానంతట అది వెలగాలన్నా ఈ గుణం ఉండి తీరాలి.

ప్రశ్న: మోర్టల్ కాంబాట్‌లో నేపథ్యం జరిగేటప్పుడు చిన్న కుదుపు కనిపిస్తోంది. స్ట్రీట్ ఫైటర్‌లో లేదు. 144 హెర్ట్జ్ మానిటర్ కొంటే పోతుందా?
— ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: 144 అంకె వల్ల పోదు, ఫ్రీసింక్ లాంటి సదుపాయం వల్ల పోతుంది. స్ట్రీట్ ఫైటర్ 2 బోర్డు 59.6 హెర్ట్జ్‌లో నడిచింది. దాన్ని 60కి లాగితే ఎవరికీ తెలియదు. 1992 నాటి మోర్టల్ కాంబాట్ 54.7 హెర్ట్జ్. 60 హెర్ట్జ్ మానిటర్ మీద సెకనుకు అయిదు ఫ్రేములు రెండోసారి పడతాయి, మీరు చూస్తున్న కుదుపు అదే. ఆర్-టైప్ కూడా 55 హెర్ట్జే, దానిలోనూ ఇలాగే కనిపిస్తుంది.

ఫ్రీసింక్ ఉన్న మానిటర్ ఆట వేగానికి తన వేగాన్ని మార్చుకుంటుంది. కొనేటప్పుడు దాని కింది హద్దు చూడండి. 48 నుంచి 75 అని ఉంటే 54.7 అందులో పడుతుంది, చాలు. దీనికి పీసీ, ఆ సదుపాయం ఉన్న గ్రాఫిక్స్ కార్డు ఉండాలి, కేబుల్ డిస్‌ప్లేపోర్ట్‌ది అయితే మేలు. రెట్రోఆర్క్‌లో ‘సింక్ టు ఎగ్జాక్ట్ కంటెంట్ ఫ్రేమ్‌రేట్’ ఆన్ చేసి నిండు తెరలో నడపండి. రాస్ప్‌బెర్రీ పైతో ఆడేవాళ్లు ఈ ఖర్చు పెట్టనక్కర్లేదు.

ప్రశ్న: ఎమ్యులేటర్‌లో ట్యూబు తెర గీతలను అనుకరించే గీతల ఫిల్టర్ పెడితే కొన్ని గీతలు లావుగా, కొన్ని సన్నగా వస్తున్నాయి. మానిటర్ లోపమా? ఓఎల్‌ఈడీ తీసుకుంటే బాగుంటుందా?
— ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: లోపం కాదు, భాగహారం. 1080ని 240తో భాగిస్తే 4.5 వస్తుంది. అర గీత గీయలేదు కాబట్టి మానిటర్ ఒక గీతను లావు చేసి, పక్కదాన్ని సన్నం చేస్తుంది. ఎమ్యులేటర్‌లో పూర్ణాంక స్కేలింగ్ పెడితే 240 గీతల ఆట నాలుగింతలై 960 గీతల్లో కూర్చుంటుంది. 24 అంగుళాల తెర మీద బొమ్మ 17.4 అంగుళాలకు తగ్గుతుంది గానీ గీతలన్నీ సమానంగా ఉంటాయి. కొత్తది కొనే ఆలోచన ఉంటే 27 అంగుళాల 1440 గీతల ఐపీఎస్ చూడండి. 240కి అది సరిగ్గా ఆరింతలు, బొమ్మ 22 అంగుళాలు. 4కే తెర తొమ్మిదింతలు. గీతల ఫిల్టర్ వెలుగులో దాదాపు సగం తినేస్తుంది, కాబట్టి వెలుగు 300 నిట్లకు తగ్గని తెర తీసుకోండి.

ఓఎల్‌ఈడీలో నలుపు అద్భుతంగా ఉంటుంది. కానీ ఆర్కేడ్ ఆటల్లో స్కోరు, బొమ్మ చుట్టూ పెట్టుకునే అలంకార చట్రం గంటల తరబడి ఒకే చోట ఉంటాయి, వాటి ముద్ర తెర మీద శాశ్వతంగా పడుతుంది. పాత ప్యాక్‌మ్యాన్ ట్యూబుల మీద ఆ చిట్టడవి గీతలు కరెంటు లేకపోయినా కనిపించేవి. రోజుకో గంట ఆడి ఆపేసేవాళ్లు ఓఎల్‌ఈడీ పెట్టుకోవచ్చు. పగలంతా వెలిగే క్యాబినెట్‌కు వద్దు.

ప్రశ్న: 32 అంగుళాల టీవీ పెడితే చవగ్గా పెద్ద తెర వస్తుంది కదా?
— ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: వస్తుంది, 4:3 బొమ్మే 26 అంగుళాలుంటుంది. అయితే టీవీలు బొమ్మను అందంగా చేయడానికి ఒక్కో ఫ్రేమ్‌ని కాసేపు పట్టి ఉంచుకుంటాయి. అయిదారు ఫ్రేముల ఆలస్యం వచ్చిందంటే దూకాల్సిన చోట దూకలేరు. గేమ్ మోడ్ లేని టీవీ కొనకండి. ఉన్నదాంట్లో అది ఆన్ చేసి, కదలికను నునుపు చేసే ఎంపిక ఆపి, తెర కొలతను ‘జస్ట్ స్కాన్’ లేదా ‘స్క్రీన్ ఫిట్’ చేయండి. లేకపోతే నాలుగు అంచులూ కత్తిరించి చూపిస్తుంది, స్కోరు సగమే కనిపిస్తుంది. చవక 32 అంగుళాల టీవీల్లో చాలావాటికి 768 గీతలే, 240కి 3.2 ఇంతలు. గీతల ఫిల్టర్ వాటి మీద బాగుండదు. ప్లగ్గు పరీక్ష టీవీకి మరీ అవసరం, చాలా టీవీలు రిమోట్ కోసం ఎదురుచూస్తూ కూర్చుంటాయి. హెచ్‌డీఎంఐలో సీఈసీ అనే సదుపాయం ఉంటే రాస్ప్‌బెర్రీ పై నుంచే టీవీని లేపే ఏర్పాటు చేసుకోవచ్చు.

ప్రశ్న: చిన్నప్పటి టీవీ గేమ్ తుపాకీతో బాతులు కొట్టే ఆట ఎల్‌సీడీ మీద ఆడవచ్చా?
— ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఆ తుపాకీతో కుదరదు. ట్రిగ్గర్ నొక్కగానే తెర ఒక్క ఫ్రేమ్ నల్లబడి, బాతు ఉన్నచోట తెల్ల చదరం మెరుస్తుంది. ఆ వెలుగు అదే క్షణంలో తుపాకీకి చేరాలి. ఎల్‌సీడీ ఆలస్యంగా వెలుగుతుంది, తుపాకీ గురి తప్పిందనుకుంటుంది. డబ్బా టీవీ పెట్టండి. లేదంటే తెర చుట్టూ తెల్ల అంచును కెమెరాతో చూసే సిండెన్ రకం తుపాకీ, ఇన్‌ఫ్రారెడ్ దీపాలతో పనిచేసే గన్‌ఫోర్‌ఐఆర్ రకం తుపాకీ ఎల్‌సీడీ మీద పనిచేస్తాయి.

ప్రశ్న: మానిటర్ కొన్నాను, 24 అంగుళాల ఐపీఎస్. ఎంత వాలుగా బిగించాలి? అద్దం ఏది వేయాలి?
— ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: మీరు ఆడేచోట నిలబడి కొలవండి. కన్ను నేల నుంచి 155 సెం.మీ., తెర నడిబొడ్డు 120 సెం.మీ., కంటికీ తెరకూ అడ్డదూరం 65 సెం.మీ. అయితే చూపు తెరకు నేరుగా పడాలంటే మానిటర్ పైభాగం 28 డిగ్రీలు వెనక్కి వాలాలి. పిల్లలు కూడా ఆడతారు కాబట్టి 20 నుంచి 25 మధ్య పెట్టండి, ఐపీఎస్ కనుక ఆ తేడా కళ్లకు తెలియదు. బిగించేముందు మానిటర్‌ని అదే వాలుతో అట్టపెట్టె మీద ఆనించి, గదిలో దీపాలన్నీ వేసి చూడండి. వెనక్కి వాలిన తెరలో సీలింగ్ ట్యూబులైటు కనిపిస్తే క్యాబినెట్‌ని వేరే గోడకు మార్చండి, లేదా పైన పేరుపలకను 10 సెం.మీ. ముందుకు పొడిగించండి.

వెనక కంతలు 75 లేదా 100 మి.మీ. దూరంలో నాలుగుంటాయి, ఎం4 స్క్రూలు పడతాయి. కంతలోకి అగ్గిపుల్ల దింపి లోతు గుర్తు పెట్టుకోండి. లోతు 8 మి.మీ., అడ్డపలక 12 మి.మీ. ప్లై అయితే వాషర్‌తో కలిపి 20 మి.మీ. స్క్రూ సరిపోతుంది. పొడవైనది బలంగా తిప్పితే లోపలి బోర్డుకు గుచ్చుకుంటుంది.

బొమ్మ చుట్టూ చట్రానికి, ఫొటో ఫ్రేములు కట్టేవాళ్ల దగ్గర దొరికే నల్ల మౌంట్ బోర్డు చాలు. మానిటర్ బిగించి, 4:3 బొమ్మ వెలిగించి, వెలిగిన భాగానికి 2 మి.మీ. వదిలి కోయండి. పక్కల 66 మి.మీ. పట్టీలు దాని కింద దాగిపోతాయి. చీకటి గదిలో ఐపీఎస్ నలుపు బూడిదగా కనిపించే లోపం కూడా వాటితో పాటు మరుగవుతుంది. నిలువు ఆటలు కూడా అదే తెర మీద ఆడినా ఈ కంత అడ్డురాదు, అవి 224 మి.మీ. వెడల్పే. అద్దానికి 4 మి.మీ. టఫెన్డ్ గ్లాస్ చెప్పండి. టఫెన్ చేశాక కోయడం కుదరదు కాబట్టి చట్రం పూర్తయ్యాకే కొలత ఇవ్వండి, ప్రతి వైపూ 2 మి.మీ. తక్కువగా. యాక్రిలిక్ తేలిక గానీ గుడ్డతో తుడిచిన ప్రతిసారీ గీతలు పడుతుంది, దుమ్ము లాగుతుంది.

వెనక తలుపుకు పైనా కిందా గాలి కంతలు పెట్టి, పైదానికి 120 మి.మీ. ఫ్యాన్ బిగించండి. రెండు కంతలకూ సన్న దోమల జాలి కొట్టించడం మరవకండి. మానిటర్ వెనక వెచ్చగా ఉంటుంది కాబట్టి బల్లులు, బొద్దింకలు అక్కడికే చేరతాయి. బల్లి పవర్ బోర్డు మీద పడితే బల్లీ పోతుంది, బోర్డూ పోతుంది. జాలిని నెలకోసారి బ్రష్‌తో దులపండి. దుమ్ము పట్టేస్తే ఫ్యాన్ తిరుగుతున్నా గాలి ఆడదు.